శని పక్కన మన బెండు

నిజాంపట్నం,
3-2-2008, ఆదివారం.

చిరంజీవి ప్రసన్నలక్ష్మికి అమ్మ మస్తానమ్మ తల నిమిరి రాసేది. ఇక్కడ నేనూ మీ నాన్నా ఉన్నాం. క్షేమమని రాయడానికి చెయ్యి రావడం లేదు.

బాపట్ల హాస్టల్ నుంచి నువ్వు పంపిన బొమ్మ అందింది. శని గ్రహం చుట్టూ రింగులుంటాయనీ, వాటి అంచున తిరిగే బుల్లి చందమామ ఇదనీ, అక్కడ మంచూ దుమ్మూ తప్ప ఏమీ లేవనీ రాశావు. వచ్చే శనివారం తెనాలి ఎగ్జిబిషన్‌లో దీని గురించే చెబుతానన్నావు. అది చూసినప్పటి నుంచి నాకు ముద్ద దిగడం లేదు.

అది చందమామ ఏంటే? నడుమ ఉబ్బి, చుట్టూ అంచు పలచగా, అచ్చం వల తేలడానికి మీ అన్న చెక్కిన బెండు. ఎవరి వల వాళ్లకు తెలియాలని ఒక్కో ఇల్లు బెండ్లు ఒక్కో తీరున చెక్కుకుంటుంది కదా. నాగార్జున చెక్కినవి చూసి ఏసుబాబు మామయ్య, ఇవి బెండ్లా పూరీలా అల్లుడూ అని ఏడిపించేవాడు. పోయినేడు ఆ బెండున్న వల ముక్కే ఒడ్డుకొచ్చింది. మనిషి రాలేదు.

అన్నను ఏల్నాటి శని మింగిందని మంగాయమ్మత్త అప్పుడే చెప్పింది. ఇప్పుడు చూడు, మన బెండును పక్కనే పెట్టుకు తిరుగుతున్నాడు. ఇంకొకరిని అడుగుతున్నాడేమో. ఆ బొమ్మ పారేయడానికీ భయమే, బియ్యం డబ్బా కింద పెట్టాను. తలుపు కొట్టుకుంటే ఉలిక్కిపడుతున్నాను. నీకేమన్నా పిచ్చా, కాగితం దిగొచ్చి కరుస్తుందా అని మీ నాన్న కసిరాడు.

తల్లీ, తెనాలి వెళ్లకు. జ్వరమని మీ సార్‌కి చెప్పు. శనివారం పూట ఆ పేరు పదిమందిలో ఎత్తకు. నాకు మిగిలింది నువ్వొక్కదానివే.

ఇట్లు,
నీ మీదే ప్రాణం పెట్టుకున్న అమ్మ,
మస్తానమ్మ

తా.క. మడిచిన ఉత్తరం మళ్లీ విప్పాను. ఇది మీ నాన్నకు కూడా తెలియదు. ఆ రోజు అన్న, గాలి తేడాగా ఉందమ్మా, ఇవాళ వెళ్లను అన్నాడు. పెళ్లికూతురిలా ఇంట్లో కూర్చో, గాజులు తెచ్చిస్తాను అన్నాను నేను. వల భుజాన వేసుకుని పోయాడు. శనికేమీ తెలియదని నువ్వు నలుగురిలో చెబితే ఇక ఆ పాపానికి మిగిలేది నేనే కదా. నా భయమంతా అదే.

తెనాలి వెళ్లి చెప్పు. బొమ్మ ఇదే కవర్లో పెట్టాను. ఇంటికొచ్చాక నన్నేమన్నా అను. రాకుండా మాత్రం ఉండకు.