పోలీస్ వెరిఫికేషన్ అయిపోయింది

మంగళవారం రాత్రి, హసన్‌పర్తి

పాస్‌పోర్టుకు దరఖాస్తు పెట్టిన రెండు నెలలకు ఈరోజు కానిస్టేబుల్ ఇంటికి వచ్చాడు. ఆధార్‌లో నాన్న పేరు ఒకలా, పదో తరగతి మెమోలో ఇంకోలా ఉందని ఇన్నాళ్లూ ఆపారు. దాన్ని దిద్దించడానికి ఎన్నిసార్లు తిరిగానో! ఇవాళ మాత్రం అతను ట్యాబ్‌లో నా ఫొటో తీసి, సంతకం పెట్టించుకుని, పది నిమిషాల్లో లేచాడు.

"ఇగ ఫికర్ చేయకమ్మా. మునుపటి లెక్క కాదు, వారంల పోస్టుల వస్తది" అన్నాడు. అత్తమ్మ దేవుడి పటానికి దండం పెట్టుకుంది.

మస్కట్ దవాఖానాలో ఉన్న మా ఆయనకు వెంటనే ఫోన్ చేశాను. పనిలో పైనుంచి పడినప్పటి నుంచీ కాలు విరిగిందనే చెబుతున్నాడు. వీడియో కాల్ మాత్రం ఎత్తడు. వస్తున్నానంటే సంతోషిస్తాడనుకున్నాను.

"జర ఆగరాదు, లక్ష్మీ" అన్నాడు.

"ఎందుకాగాలె? రెండు నెలలసంది ఆగుతనే ఉన్న గదా!"

"కాలు తీసేసిండ్రు. నీ పాస్‌పోర్టు లేటయితాంటే మంచిగనే అయిందనుకున్న. నన్నిట్ల చూడకు."

నేను ఆఫీసుల చుట్టూ తిరుగుతూ తిట్టుకున్న ఆలస్యం వెనక ఆయన దాక్కున్నాడన్నమాట. కోపం రావాలి కదా, రాలేదు. పాస్‌పోర్టు వస్తే పోతాను. పోయి ముందుగా ఏం మాట్లాడాలో...

అత్తమ్మకు ఇంకా చెప్పలేదు. కొడుక్కి ఇవ్వమని చెప్పుల జత తుడిచి, కాగితంలో చుట్టి నా సంచిలో పెట్టింది. వద్దని ఎలా అనను?