ఇద్దరికి సరిపడా పులిహోర

ప్లేనో, గురువారం రాత్రి

ఈ సాయంత్రం మా అమ్మాయి నిత్య చదివే హైస్కూల్లో పేరెంట్స్ నైట్. పిల్లల టైమ్‌టేబుల్ మన చేతికిచ్చి, వాళ్ల ఒక్కో క్లాసులో పది నిమిషాలు కూర్చోబెట్టారు. ల్యాబులు బాగున్నాయి, టీచర్లు ఇంకా బాగున్నారు. వంక పెట్టడానికి ఏమీ లేదు. "చూశావా, ఇల్లు మారింది ఇందుకే," అని ఈయన ఒకటే మురిసిపోయారు. నాకూ గర్వంగానే ఉంది, ఈయన కార్ తేవడానికి వెళ్లాక ఒక్కదాన్నే లైబ్రరీలోకి తొంగిచూసేదాకా.

లైబ్రేరియన్ పెద్దావిడ. నా నేమ్ ట్యాగ్ చూడగానే చేయి పట్టుకుంది. నిత్య రోజూ లంచ్ తన దగ్గరే కూర్చుని తింటుందట. నిత్య తెచ్చిపెట్టే నా పులిహోరంటే ఆవిడకి ప్రాణమట.

ఆగస్టు నుంచి డబ్బాలో ఇద్దరికి సరిపడా పెడుతున్నాను. "ఎక్స్‌ట్రా పెట్టమ్మా, నా ఫ్రెండ్స్‌కి చాలా ఇష్టం," అంటే నమ్మాను. పాత స్కూల్లో దాని టేబుల్ నిండా స్నేహితులే ఉండేవాళ్లు. అక్కణ్ణుంచి లేపి తీసుకొచ్చింది మేమే.

ఇంటికి రాగానే ఎదురొచ్చింది. "అమ్మా, స్కూల్ నచ్చిందా?"

"చాలా బాగుందే."

"లైబ్రరీకి కూడా వెళ్లావా?"

"టైమ్ లేదురా," అన్నాను. దాని మొహం తేటపడింది.

ఈయనకి చెప్పలేదు. ఎలా చెప్పాలో కూడా తెలియడం లేదు.

రేపటికి పులిహోర కలిపి ఉంచాను, ఎప్పటిలాగే ఇద్దరికి. ఆవిడకి కారం ఎక్కువవుతుందేమోనని మిరపకాయలన్నీ ఏరేశాను.