మూడు కాళ్ల స్టాండు మీద ఫిర్యాదు

మొయినాబాదు
1943 ఫిబ్రవరి 2

చేవెళ్ల వడ్ల హన్మయ్య గారికి, మొయినాబాదు మిషను బడి పంతులు స్వామిదాసు నమస్కారాలు.

మీరు పంపిన మూడు కాళ్ల స్టాండు బస్సులో క్షేమంగా చేరింది. ఇలాంటిది పట్నంలో ఇరవై రెండు రూపాయలన్నారు. మీరు మూడు అన్నారు. ఆ మూడే నన్ను భయపెట్టింది. అందుకే నెల రోజులు వాడి చూసి కొంటానని ముందే చెప్పాను.

పని ఇది. మా చర్చి సంఘంలో బీరమ్మ అనే ముసలామె ఉంది. ఆమె కొడుకు సాలోమోను పటాలంలో లారీ నడుపుతాడు. త్వరలో ఓడ ఎక్కిస్తారట. "అవ్వ మొఖం యాదికొస్తలేదు పంతులూ, ఒక్క ఫోటో పంపు" అని రాయించాడు. మా దొరసాని తన దేశం పోతూ ఫోటో పెట్టె, ఒక్కోదాని మీద ఒక్క ఫోటో పడే గాజు ప్లేట్లు నాలుగు ఇచ్చి పోయింది. యుద్ధం వల్ల కొత్త ప్లేట్లు దొరకవు. అద్దం దూరం ఆమే బిగించి ఇచ్చింది కాబట్టి నేను అందులోంచి చూడవలసింది లేదు. కాని పెట్టె పాతది, తోలు మడతల్లో సన్న చిల్లులున్నాయి. వెలుతురు చొరకుండా నల్ల దుప్పటి పెట్టె మీదా నా తల మీదా కప్పుకొని, లోపల నుంచే రబ్బరు బుడ్డి నొక్కి ఎనిమిది అంకెలు లెక్కపెట్టాలి. అంతసేపూ స్టాండు కదలకూడదు. కదలదు కదా?

ఇట్లు, మీ జవాబు కోసం చూసే
స్వామిదాసు

తా.క. ప్రస్తుతానికి మా ఇంట్లో నిర్మలమ్మ దీని మీద తడి చీర ఆరేస్తున్నది. అంతవరకు నమ్మకంగానే ఉంది.

చేవెళ్ల
ఫిబ్రవరి 4

స్వామిదాసు పంతులుకు హన్మయ్య దండాలు.

మూడు రూపాయలని భయపడ్డరు. ఇరవై రెండు అన్నప్పుడు గదా భయపడాలె! కాళ్లు తుమ్మ కర్ర, పైన పలక టేకు, నడుమ ఇత్తడి మర. పంపే ముందు దాని మీద రెండు మణుగుల జొన్న బస్తా పెట్టిన. పొద్దున పెడితే మాపటికి దించిన. వెంట్రుకవాసి కదలలే. ఎనిమిది గాదు, ఎనిమిది వందలు లెక్కవెట్టుండ్రి. ఫికర్ వద్దు. అవ్వ ఫోటో మంచిగ దిగాలె.

ఇట్లు
మీ హన్మయ్య

తా.క. బస్తాను చూసి ఆలూరు బాలమల్లు "గింత ఎత్తుకు ఎలుకలు రావు, నాకొకటి చెయ్యి" అన్నడు. ఇది ఫోటోల కోసం అని చెప్పిన. "ఫోటోలను గూడ ఎలుకలు తింటయా?" అని అడిగిండు.

మొయినాబాదు
ఫిబ్రవరి 11

హన్మయ్య గారికి స్వామిదాసు నమస్కారాలు.

రెండు ప్లేట్లు తీసి పట్నం స్టూడియోలో కడిగించాను. రెండింటిలోనూ బీరమ్మ మొఖం లేదు. నడినెత్తి ఉంది. పెట్టె పైనుంచి కిందికి చూస్తున్నదని తేలింది. అంటే మీ స్టాండు ఎత్తు ఎక్కువ, లేదా ముందు కాలు పొట్టి.

"కదలకు బీరమ్మా" అని చెప్పాను. ఆమె రాయిలా కూర్చుంది, తప్పు ఆమెది కాదు. నేను చెప్పిన ప్రకారం చేశాను, తప్పు నాదీ కాదు. మిగిలింది స్టాండు. ఆలోచించి జవాబు రాయండి.

ఇట్లు
స్వామిదాసు

తా.క. బీరమ్మ ఫోటోను చాలాసేపు చూసింది. "నా పాపిట గింత వంకర ఉన్నదా! అరవై ఏండ్లల్ల ఒక్కసారన్న చెప్పకపోతివేమే?" అని పక్కింటామె మీద విరుచుకుపడింది.

చేవెళ్ల
ఫిబ్రవరి 13

పంతులుకు హన్మయ్య దండాలు.

పలక మీద నీళ్ల గిన్నె పెట్టి చూసినంకనే పంపిన. నీళ్లు ఏ దిక్కూ ఒరగలే. అయినా కొనేటాయన మాట కాదనొద్దు. ఎత్తు ఎక్కువైతే మూడు కాళ్లకూ జానెడు కోయుండ్రి. మూడూ ఒక్క తీరు కోయాలె. ఒకటి ఎక్కువ తెగితే నన్ననొద్దు.

ఇట్లు
హన్మయ్య

తా.క. కోసిన ముక్కలు పొయ్యిల పెట్టకుండ్రి. మళ్ల అతికియ్యమని మీరే రాస్తరు.

మొయినాబాదు
ఫిబ్రవరి 20

హన్మయ్య గారికి,

జానెడు కోశాను. మూడూ సమంగానే కోశాను. ఈసారి సంఘం వాళ్లు మేమూ నిలబడతామన్నారు. బీరమ్మను నడుమ బెంచీ మీద కూర్చోబెట్టి, మిగతా వాళ్లను పక్కనా వెనకా నిలబెట్టాను. స్టాండు పొట్టిదయింది కాబట్టి నేను నడుము దాకా వంగవలసి వచ్చింది.

ఫలితం ఈ కవరులో ఉంది, చూడండి. మొన్న ఒక్క నడినెత్తి, ఇప్పుడు తొమ్మిది. శాంతయ్య, మైసయ్య అసలు లేనే లేరు. వాళ్లిద్దరినీ బెంచీ వెనక నిలబెట్టింది నేనే. మీ స్టాండు ఇద్దరు మనుషులను మాయం చేసింది.

ఒక్క ప్లేటు మిగిలింది. ఇరవై ఏడులోగా టపాలో వేయకపోతే సాలోమోను ఓడ ఎక్కిపోతాడు. బీరమ్మ రోజూ బడి ముందుకు వచ్చి నిలబడుతున్నది. స్టాండును వచ్చే బస్సులో వాపసు పంపుతాను.

స్వామిదాసు

తా.క. ఫోటోలో లేని శాంతయ్య తనకొక కాపీ కావాలంటున్నాడు.

చేవెళ్ల
ఫిబ్రవరి 22

పంతులూ, జర ఆగుండ్రి. దండం తర్వాత పెడ్త.

ఫోటో మీద కొలబద్ద పెట్టి చూసిన. వెనక గోడ నిలువుగ ఉన్నది. తలుపు చౌకట్టు మూలమట్టం తప్పలే. అవ్వ చేతి గాజులు లెక్కవెట్టవచ్చు, నాలుగు. పెట్టె వంగితే గోడ గూడ వంగాలె. వంగింది మనుషులే.

ఇంకొకటి. ఎడమ చివర ఒకామె నిలబడ్డది. ఆమె మొఖం మొత్తం పడ్డది, ముక్కుపుల్ల తోని సహా. నా స్టాండు తొమ్మిది మంది తలలు వంచి ఒక్కామెను వదిలిపెడ్తదా? కట్టెకు ఆమె చుట్టమా? ఆమె ఎవరో కనుక్కోండ్రి. మీరు దుప్పట్ల ఉన్నప్పుడు ఏం జూసిందో అడుగుండ్రి. అప్పటిదాక నాలుగో ప్లేటు ముట్టకుండ్రి.

ఇట్లు
హన్మయ్య

తా.క. అప్పటికీ తప్పు స్టాండుదే అంటే వాపసు పంపుండ్రి. బాలమల్లు జొన్న బస్తా తోని బస్సు ఆగేకాడ కూసున్నడు.

మొయినాబాదు
మార్చి 1

హన్మయ్య అన్నకు, మీ తమ్ముడు స్వామిదాసు వందనాలు.

ఆమె పేరు రాములమ్మ. బీరమ్మకు పక్కిల్లు. మా సంఘం మనిషి కాదు, స్నేహితురాలికి తోడుగా వచ్చి నిలబడింది. మీరు చెప్పినట్టే అడిగాను. ముందు నవ్వింది. నవ్వు ఆగాక చెప్పింది.

"నువ్వు తల వంచి గొణిగితే వాండ్లు కండ్లు మూస్తరు గదా, ఆదివారం ఆదివారం! గా దినం గూడ దుప్పటి కప్పుకొని తల వంచి గొణిగినవు. ఫోటోకు గూడ ప్రార్థన చేస్తుండు మా పంతులు, ఎంత భక్తి అని అందరు తలలు వంచిండ్రు. నీ గొణుగుడు ఆగంగనే ఎత్తిండ్రు."

"మరి శాంతయ్య, మైసయ్య?"

"నువ్వు నడుము దాక వంగితివి. పెద్ద ప్రార్థన గావచ్చని వాండ్లు మోకాళ్ల మీద కూసున్నరు."

"అప్పుడే చెప్పవద్దా అవ్వా?"

"మీ దేవునితోని మీరు మాట్లాడుకుంటుంటే నడుమ నేనెవర్తిని?"

నేను లెక్కపెట్టేవి అంకెలని సంఘంలో ఒక్కరికీ తెలియదు.

ఇరవై ఐదున సంఘమంతా చూస్తుండగా నాలుగో ప్లేటు తీశాను. నేను దుప్పట్లో దూరాను. రాములమ్మ పెట్టె పక్కనే నిలబడి "బీరమ్మా, గిది ప్రార్థన గాదే. గీ అద్దంల నుంచి నీ కొడుకు చూస్తుండు. వాని దిక్కు చూడు" అంది. ఎనిమిది చాలదేమోనని పది లెక్కపెట్టాను.

ప్లేటు పట్టుకొని నేనే బస్సెక్కి పట్నం పోయాను. స్టూడియో ఆయన భూతద్దం పెట్టి చూసి "ఎక్కడా వణుకు లేదు, స్టాండు ఏ కంపెనీది?" అన్నాడు. చేవెళ్ల అన్నాను. బీరమ్మ మొఖంలో ప్రతి ముడతా ఉంది. ఎడమ కంటి కింద అమ్మవారి మచ్చ ఉంది. అన్నం తిన్నవా బిడ్డా అని అడగబోతున్నట్టు నోరు కొంచెం తెరుచుకొని ఉంది. ఇరవై ఆరు సాయంత్రం టపాలో వేశాను.

స్టాండు కొంటున్నాను. జానెడు పొట్టిగా ఉన్నా ఇరవై రెండు రూపాయల దానికంటే ఇదే నయం. నా నిందలన్నీ వెనక్కి తీసుకుంటున్నాను. మూడు రూపాయలు బస్సు యాదయ్య చేతికి ఇచ్చాను.

ఇట్లు, మీ పనితనానికి తల వంచే
స్వామిదాసు

తా.క. నిన్న ఆదివారం ఆరాధనలో నిజంగానే ప్రార్థన మొదలుపెట్టాను. నడుమ ఎందుకో అనుమానం వచ్చి ఒక కన్ను తెరిచాను. సంఘమంతా గడ్డాలు పైకెత్తి, రెప్ప వేయకుండా నన్నే చూస్తున్నారు. ఆమెన్ అనే దాకా ఒక్కరూ కదలలేదు.