మెకానికల్ మూసిన రోజు

సార్,

మీరు పోయి నేటికి ఏడాది. సేలంలో ఉద్యోగం వదిలి వచ్చి, మొదటి ప్రిన్సిపాల్‌గా ధర్మపురిలో మీరు నిలబెట్టిన మన ఇంజనీరింగ్ కాలేజీలో ఈ రోజు మెకానికల్ శాఖ మూసేశారు. మూడేళ్లుగా కొత్త పిల్లలు చేరలేదు. చివరి బ్యాచ్ ఈ వేసవిలో వెళ్లిపోయింది. వర్క్‌షాపులోని లేత్ మిషన్లన్నీ పొద్దున లారీకెక్కించారు.

నన్ను చేర్చడానికి మా ఊరు పిక్కిలి నుంచి వచ్చిన రోజు, నాయన ఆ వర్క్‌షాపు వాకిట్లో చెప్పులు విడిచాడు.

"చెప్పులేసుకోన్నా, ఇనుప రజను గుచ్చుకుంటుంది. ఇదేమన్నా గుడా?" అని మీరు నవ్వారు.

"మా ఇంట్లో బడికి పోయింది ఈ బిడ్డొక్కతే సార్. మాకు గుడే," అన్నాడు నాయన.

మీరు నవ్వు ఆపి, ఆయన చేతే లేత్ స్విచ్ వేయించారు.

చదువయ్యాక మీరే నన్ను ఇక్కడ పాఠాలు చెప్పమన్నారు. పెద్ద లెక్చరర్లంతా వేరే కాలేజీలకు వెళ్లిపోయి, చివరికి నేనొక్కదాన్నే మిగిలాను. మిషన్లు అప్పగించే కాగితం మీద శాఖ హెడ్ సంతకం ఉండాలట. అందుకని పోయిన వారం నన్ను హెడ్‌ని చేశారు. సంతకం పెట్టాను సార్.

నాయనకు హెడ్ అయిన సంగతి ఒక్కటే చెప్పాను. ఊళ్లో కనబడినవాళ్లందరికీ చెప్పుకుంటున్నాడు.