ఎవరికీ అక్కర్లేని టెంటు

అక్కయ్యా,

సంతోషం పట్టలేక రాస్తున్నాను. మన ఎలీషా నా చేతినుంచి ఒక వస్తువు తీసుకున్నాడు!

మా ఎడ్మంటన్ ఊరి బయట పెద్ద మ్యూజిక్ ఫెస్టివల్ జరిగింది. నలభై వేలమంది వచ్చారట. పోతూ పోతూ టెంట్లు, పరుపులు, కుర్చీలు అక్కడే వదిలేశారు. అవి తీసెయ్యడానికి మా చర్చివాళ్లతో నేనూ వెళ్లాను. చెత్తబండిలో పడెయ్యబోతున్న ఒక నీలం టెంటు అడిగి తెచ్చుకున్నాను. చిన్న చిరుగు కూడా లేదక్కా, బంగారంలాంటిది!

నీకు తెలుసుగా, మత్తుమందు అలవాటై ఇల్లొదిలాక ఎలీషా నది పక్కన చెట్ల కిందే పడుకుంటున్నాడు. కొత్తవి ఏం కొనిచ్చినా, "నా మీద ఖర్చు పెట్టకు" అని విసిరేసేవాడు. ఈ టెంటు తీసుకెళ్లి చూపిస్తే మాత్రం తడిమి చూశాడు.

"ఇది ఎవరికీ అక్కర్లేదా డాడీ?"

"ఎవరికీ అక్కర్లేదురా."

"అయితే నాకియ్యి."

ఇద్దరం కలిసి నిలబెట్టాం. ఇంతలో వాన మొదలైంది. "తడుస్తున్నావు, లోపలికి రా డాడీ" అన్నాడు. అక్కా, నా కొడుకు నన్ను లోపలికి పిలిచాడు! మోకాళ్ల మీద పాక్కుంటూ వెళ్లి వాడి పక్కన కూర్చున్నాను. ఇంటికి రమ్మని మాత్రం అనలేదు, మళ్లీ ఎటో వెళ్లిపోతాడని భయం.

ఆ వాన అప్పుడే ఆగకూడదని ప్రార్థన చేసుకుంటూ కూర్చున్నాను.

నీ తమ్ముడు