నలభై వేలకి లారీ

ప్రియమైన చిట్టీ,

ఉత్తరం చూసి కంగారు పడకు. అందరం బాగున్నాం. ఫోను చెయ్యకపోవడానికి కారణం ఉంది. ఫోను మీ అమ్మమ్మ చేతిలోనే ఉంటుంది. నేను చెప్పబోయేది తను వినకూడదు.

నా ఎడమ కంటికి పక్క చూపు పోయిందని డాక్టరు రాశాడు కదా. ఆ కాగితం చూసే లైసెన్సు ఆపేశారు. ఆ డాక్టరు చిన్నవాడు. బయట ఇరవై మంది కూర్చుని ఉన్నారు. తొందరలో రాశాడని నా నమ్మకం. రెండు నెలల తర్వాత మళ్ళీ పరీక్ష పెట్టమని అడిగి వచ్చాను. లైసెన్సు తెచ్చుకో, బండి నీదే అన్నాడు ఓనరు.

ముప్పై ఎనిమిదేళ్లు లారీ నడిపిన చేతులు. ఏడు నెలలుగా ఖాళీ. మొన్న భోజనం చేస్తుంటే ఎడమ చెయ్యి గేరు కోసం వెతికింది. మీ అమ్మమ్మ చూసి మంచినీళ్లు కావాలేమో అనుకుంది.

పంక్చర్లు వేసే నా స్నేహితుడు ఉన్నాడు కదా, టైర్లాయన. అతని కొట్లో ఎవరో ఫోనులో లారీ గేము ఆడుతుంటే చూశాను. కంప్యూటరుకి స్టీరింగు, పెడళ్లు తగిలించి ఆడితే అచ్చం లారీలాగే ఉంటుందట. అద్దాలు కూడా ఉంటాయట. పరీక్షకి ముందు చెయ్యీ కన్నూ సాధన చేసుకోవచ్చు.

నువ్వు కాలేజీలో కంప్యూటర్ల గది చూసుకుంటావు. నీకు తెలుస్తుంది. నా దగ్గర నలభై వేలు ఉన్నాయి. అంతకు మించి లేవు. ఏమేం కొనాలో రాయి. జవాబు టైర్ల కొట్టుకి వెయ్యి. చిరునామా కింద ఉంది.

మీ అమ్మమ్మకి చెప్పకు. లైసెన్సు ఆపారని చెప్పిన రోజు తను ఊపిరి పీల్చుకుంది. నేను చూశాను.

ఆశీస్సులతో,
నీ తాతయ్య

*

ప్రియమైన తాతయ్యా,

నీ ఉత్తరం మా ల్యాబు సారు ముందే విప్పాను. "ఏంటమ్మా, పెళ్లి సంబంధమా" అన్నాడు. "కాదు సార్, డెబ్బై రెండేళ్ల గేమరు" అన్నాను. అప్పటినుంచి పాఠాలు మానేసి నీ గురించే అడుగుతున్నాడు.

నలభై వేలలో అవుతుంది. గీసి గీసి బేరమాడితే. నీ భాషలోనే చెబుతా విను. ప్రాసెసరు అంటే ఇంజను. మదర్‌బోర్డు అంటే ఛాసిస్, మిగతావన్నీ దాని మీదే కూర్చుంటాయి. గ్రాఫిక్స్ కార్డు అని ఒకటుంది. రోడ్డునీ చెట్లనీ అద్దాల్నీ క్షణక్షణం బొమ్మ గీసి చూపించేది అదే. గేముకి అసలు బలం దానిది. అందుకే అన్నిటికంటే ఎక్కువ డబ్బు దానికే పెట్టాలి, పన్నెండు వేల దాకా. ఆ ధరకి కొత్తది రాదు. వాడినది వెతుక్కోవాలి. స్టీరింగు, పెడళ్లు కూడా వాడినవే. ఎనిమిది వేలు అనుకో.

ఎస్సెమ్‌పీఎస్ అని ఒక ఇనప డబ్బా ఉంటుంది. గోడలోంచి వచ్చే కరెంటుని అందరికీ పంచేది. పైకి కనిపించదని అందరూ దాని దగ్గరే కక్కుర్తి పడతారు. అది పోతే తను ఒక్కత్తీ పోదు, పక్కవాళ్లనీ వెంటబెట్టుకు పోతుంది. అక్కడ మాత్రం పిసినారితనం వద్దు. బయటి డబ్బాకి రంగురంగుల లైట్లు వెలిగించి చూపిస్తారు. నువ్వు పెళ్లికి వెళ్లడం లేదు, రేకు డబ్బా చాలు. తెర కొనకు. టైర్లాయన కొట్లో పాత టీవీ ఉంది కదా.

నన్ను అడక్కుండా ఏదీ కొనకు. ఒకటి కొంటే దానికి జోడీ కుదరాలి.

అమ్మమ్మ దగ్గర దాచడం నాకు ఇష్టం లేదు. అయినా నోరు కుట్టేసుకున్నాను.

ప్రేమతో,
చిట్టి

*

ప్రియమైన చిట్టీ,

తప్పు చేశాను.

లారీ కొనేవాడు ముందు ఛాసిస్ చూస్తాడు. ఛాసిస్ గట్టిదైతే మీద ఏ బాడీ అయినా కట్టుకోవచ్చు. నువ్వు మదర్‌బోర్డు ఛాసిస్ అన్నావు. అడగాల్సిన పని లేదనుకున్నాను. పాత సామాన్ల వీధికి వెళ్లి, ఉన్న బోర్డులన్నీ చేత్తో తూచి, అన్నిటికంటే బరువైనది తెచ్చాను. ఐదు వేలు.

దానికి ఇంజను కొందామని పెద్ద షాపుకి తీసుకెళ్లాను. కౌంటరు దగ్గరి అమ్మాయి దాన్ని చూసి, "పెద్దాయనా, ఇది ఎనిమిదేళ్ల కిందటిది. ఇప్పటి ప్రాసెసర్లు ఇందులో కూర్చోవు. సాకెట్టు వేరు" అంది. మంచి పిల్ల, నవ్వలేదు. వెనక నిలబడ్డవాళ్లు నవ్వారు. వెనక్కి ఇవ్వబోతే అమ్మినతను తీసుకోలేదు.

గ్రాఫిక్స్ కార్డు దగ్గర మాత్రం మోసపోలేదు. ఒకతను మెత్తని స్పాంజిలో పెట్టి పసిబిడ్డను చూపించినట్టు చూపించాడు. అద్దంలా మెరుస్తోంది. తిరగేశాను. స్క్రూల తలలు నలిగి ఉన్నాయి.

"ఇంజను దింపారా" అని అడిగాను.

"లేదు పెద్దాయనా, చెయ్యి కూడా పెట్టలేదు" అన్నాడు.

ముక్కు దగ్గర పెట్టుకున్నాను. కమురు వాసన. తిరిగి ఇచ్చేశాను. నాలుగు కొట్ల అవతల ఇంకొకటి దొరికింది. దాని ఫ్యాన్ల నిండా దుమ్ము. దుమ్ము పట్టిన బండితో భయం లేదు. కడిగి అమ్మేవాడితోనే భయం. అరగంట నడిపించి చూపించమన్నాను. చూపించాడు. పదకొండు వేలకి ఇచ్చాడు.

ఇప్పుడు ఆ బోర్డుని ఏం చెయ్యను. పరీక్షకి ఇంకా ఐదు వారాలే ఉంది.

సిగ్గుతో,
నీ తాతయ్య

*

ప్రియమైన తాతయ్యా,

బరువు చూసి బోర్డు కొన్న మనిషిని మా సారు తన సర్వీసులో చూడలేదట. కూరగాయల తక్కెడ ఒకటి పంపిస్తానన్నాడు.

దిగులు పడకు. కొత్త ఇంజను పాత ఛాసిస్‌లో కూర్చోకపోతే, పాత ఇంజనే తెద్దాం. మా కాలేజీలో పాత కంప్యూటర్లు తీసేసినప్పుడు కొన్నతను నాకు తెలుసు. నీ బోర్డుకి సరిపోయే ప్రాసెసరు, ర్యాము కలిపి ఐదు వేలకి ఇచ్చాడు. కొత్తదంత ఉరకదు. కానీ నువ్వు ఆడే గేము కూడా లోడు లారీయే కదా, రేసు కారు కాదు. కొత్త బోర్డూ ప్రాసెసరూ కొంటే అయ్యేదానికంటే, నీ తప్పు వల్ల మూడు వేలు మిగిలాయి. అవి ఎస్సెమ్‌పీఎస్‌కి పెట్టు. పార్సిలు రేపు వేస్తాను. ప్రాసెసరు ఒక మూల చిన్న త్రిభుజం గుర్తు ఉంటుంది. బోర్డు మీద గుర్తుకి అది కలవాలి. నొక్కకు, ఊరికే దించితే కూర్చుంటుంది. దాని నెత్తిన బఠాణీ గింజంత పేస్టు, అంతే.

ఇంకో మాట. ఇది రాయాలా వద్దా అని నాలుగు రోజులు ఆగాను.

పోయిన సెలవుల్లో వచ్చినప్పుడు నీకు ఎడమ పక్కన కూర్చుని నీళ్ల గ్లాసు అందించబోయాను. నువ్వు తీసుకోలేదు. పేపరు చదువుకుంటున్నావేమో అనుకున్నాను. మర్నాడు నువ్వు ఊరికే కూర్చుని ఉన్నప్పుడు కావాలనే మళ్ళీ అందించబోయాను. నీకు కనిపించలేదు తాతయ్యా. ఆ డాక్టరు తొందరలో రాయలేదు.

లైసెన్సు రావాలని నేను నీకు సాయం చెయ్యడం లేదు. గేములో నీ చేతుల దురద తీరితే నిజం రోడ్డు ఎక్కవేమోనని చేస్తున్నాను. ఇన్ని ఉత్తరాలు రాసి ఈ ఒక్కటీ దాచడం తప్పు. కోపం వస్తే తిట్టు. ఉత్తరం మాత్రం మానకు.

నీ,
చిట్టి

*

ప్రియమైన తాతయ్యా,

మూడు వారాలైంది. పార్సిలు అందిందని కొరియరు వాళ్లు చెప్పారు. నీ దగ్గర్నుంచి ఒక్క ముక్క లేదు.

ఇంటికి ఫోను చేస్తే అమ్మమ్మ ఎత్తుతోంది. "తాతయ్య లేరు, కొట్టుకి వెళ్లారు" అంటోంది. నిన్న చేస్తే, "ఉన్నారు గానీ ఇప్పుడు తీరిక లేదు, ఇద్దరికీ లేదు" అని పెట్టేసింది. నాకేమీ అర్థం కావడం లేదు.

పరీక్ష వచ్చే వారమని గుర్తుంది. వెళ్తున్నావా? అదొక్కటి చెప్పు.

చిట్టి

*

ప్రియమైన చిట్టీ,

కోపం వచ్చిన మాట నిజం. నీ ఉత్తరం పది రోజులు జేబులో పెట్టుకు తిరిగాను. గ్లాసు సంగతి అబద్ధమని రాద్దామని రెండుసార్లు కూర్చున్నాను. పెన్ను కదల్లేదు. బండి కట్టి రుజువు చేస్తానని పంతం పట్టాను.

టైర్ల కొట్టు వెనక గదిలో కట్టాను. రెండు రోజులు పట్టింది. టైర్లాయన టార్చి పట్టుకున్నాడు. ప్రాసెసరు నువ్వు చెప్పినట్టే ఊరికే కూర్చుంది. స్విచ్చి వేస్తే ఫ్యాన్లు తిరిగాయి గానీ టీవీలో ఏమీ రాలేదు. ఇద్దరం గంటసేపు తిట్టుకున్నాం. టీవీ తీగ కార్డుకి కాకుండా బోర్డుకి గుచ్చాను. మార్చగానే వెలిగింది.

మొదటి అరగంట నా వయసు నాకు తెలియలేదు. ఎత్తు మీద మూడో గేరులో బండి మూలగడం, దిగుతుంటే ఇంజను బ్రేకు, అన్నీ ఉన్నాయి. చేతులు ఏదీ మరిచిపోలేదు.

తర్వాత జరిమానా అని ఎర్ర అక్షరాలు వచ్చాయి. ఎవరినో గుద్దానట. మళ్ళీ వచ్చాయి. మొదటి రోజు నాలుగు, రెండో రోజు ఆరు. అన్నీ ఎడమ పక్కే. గేము బాగాలేదన్నాను. టైర్లాయన ట్యూబు నీళ్లలో ముంచి బుడగలు చూస్తూ కూర్చున్నాడు. నా దగ్గర ఎప్పుడూ నోరు మూసుకోని మనిషి.

నాలుగో రోజు సాయంత్రం నాలుగింటికి మీ అమ్మమ్మ కొట్టుకి వచ్చింది. చేతిలో కంటి మందు. నాలుగు గంటల చుక్కలు మూడు రోజులుగా వేసుకోవడం లేదట నేను.

"ఇక్కడున్నానని నీకెవరు చెప్పారు" అన్నాను.

"బండి లేని మనిషికి రోజూ పంక్చర్లేమిటండీ" అంది.

నేను ఆపలేదు. ఆపితే తప్పు ఒప్పుకున్నట్టు ఉంటుందని నడుపుతూనే ఉన్నాను. తను నా వెనక నిలబడింది.

"ఎడమ పక్క వ్యాను వస్తోంది" అంది.

"ఏది" అన్నాను.

"అదిగో. అద్దంలో. అంత పెద్దది."

వెతికాను చిట్టీ. నిజంగా వెతికాను. తల తిప్పేసరికి గుద్దాను.

మీ అమ్మమ్మ నా గడ్డం పట్టుకుని తల వెనక్కి వంచి చుక్కలు వేసింది. కన్ను మూసుకుని కూర్చున్నాను. ఆ వ్యానులో మనుషులు ఉండి ఉంటే అనుకున్నాను. చుక్కలు ఆరాక కూడా కన్ను తెరవాలనిపించలేదు.

పరీక్షకి వెళ్లను. ఓనరుకి నిన్న చెప్పి వచ్చాను. టీ తాగి వెళ్లమన్నాడు. తాగి వచ్చాను.

వ్యానుని గుద్దిన మర్నాడు నేను ఇంట్లోంచి కదల్లేదు. ఆ మర్నాడూ అంతే. మూడో రోజు మీ అమ్మమ్మే టైర్లాయనతో ఆటోలో కంప్యూటరు ఇంటికి తెప్పించి, మన టీవీ కింద పెట్టించింది. అంత డబ్బు పోసింది గోడకి పెట్టి చూడటానికా అంది. నేను ముట్టుకోలేదు. కాసేపు చూసి తనే స్టీరింగు ముందు కూర్చుంది. క్లచ్చు ఏదో చెప్పమంది. చెప్పాను.

ఇప్పుడు రోజూ నడుపుతోంది. నీ ఫోనుకి తీరిక లేనిది అందుకే. పదహారు టన్నుల సిమెంటు లోడు. మీ అమ్మమ్మకి మెల్లగా అనే మాట తెలియదు. మలుపు వచ్చినా తగ్గించదు. నేను పక్క కుర్చీలో కూర్చుంటున్నాను. నా కుడి కాలు ఉత్త నేల మీద బ్రేకు తొక్కుతూనే ఉంటుంది. పాదం నొప్పి పుట్టింది.

ఇవాళ వంతెన మీద తొంభైలో పోతోంది. వాన కూడా పడుతోంది. ఉండబట్టలేక "కాస్త మెల్లగా పోనివ్వవే, నాకు గుండె దడగా ఉంది" అన్నాను.

రోడ్డు మీంచి చూపు తిప్పలేదు. "ముప్పై ఎనిమిదేళ్లు ఇదే మాట నేను ఇంట్లో కూర్చుని అన్నాను. మీకు వినపడిందా" అంది.

ముందు ఒక ట్యాంకరు అడ్డుగా పోతోంది. అది దాటడానికి చూస్తోంది తను. నాకు కుడి పక్క బాగానే కనిపిస్తుంది. ఖాళీగా ఉంది, పోనీ అన్నాను.

పోనిచ్చింది.

ఉంటాను,
నీ తాతయ్య