టమోటాల కింద నీ ముఖం

అత్తా,

ఎట్లా ఉన్నావు అని రాయబోయి ఆగిపోయాను. నువ్వు వెళ్ళిపోయి మొన్నటికి పదకొండు నెలలు.

ఇక్కడ పుంగనూరులో అంతా మామూలే. నీ కొడుకు తెల్లారకముందే టమోటా బుట్టలతో మదనపల్లె మార్కెట్‌కు పోతున్నాడు. పాపకు ముందరి పళ్ళు రెండు ఊడాయి. నేను వండుతున్నాను, తింటున్నాను, బట్టలు ఆరేస్తున్నాను. ఏడుపు మాత్రం ఇంతవరకూ రాలేదు. కాలు తిమ్మిరెక్కినట్టు ఉంది లోపలంతా... నీకు కోపంగా ఉందా?

నాన్నకు అక్కవు, తర్వాత నా మొగుడికి అమ్మవు. నాకు మాత్రం ఎప్పుడూ అత్తవే. డిగ్రీ అయ్యాక నాన్న బెంగళూరులో కొనిచ్చిన ఆ పాత కెమెరాను ఈ ఇంట్లో కెమెరాగా చూసింది నువ్వొక్కదానివే. సంగటి కుండ ముందు కూర్చుని కెమెరా అద్దం మీద ఆవిరి పట్టిస్తుంటే, నీ నూలు చీర ముక్క అడ్డం పెట్టి బావిని తీస్తుంటే, అందరూ పిచ్చి అన్నారు. నువ్వు దీపం బుడ్డి పట్టుకుని, ఎటు తిప్పమంటే అటు తిప్పేదానివి. "కూర మాడతాండాది మే, బిరీన తియ్యి" అనేదానివి. అంతే.

నీ చేతులు తీశాను. చింతపండు గింజ తీసే నీ వేళ్ళు, తడి గచ్చు మీద నీ పాదాల గుర్తులు, గోడ మీద నీ నీడ. ముఖం మాత్రం తీయనివ్వలేదు. మామ పోయాక బొట్టు లేని ముఖం కదా. "బోసి మొగం గోడకి యాల మే? నా చేతులు తీసుకో, అవే ఇంకా బాగుండాయి."

ఒక్కసారి ఒప్పుకున్నావు. కుప్పంలో వదిన గృహప్రవేశానికి. తల్లి ముఖం తనకు కావాలని నీ కూతురు పట్టుబట్టింది కాబట్టి. వసారాలో ముక్కాలి పీట మీద కూర్చుని మెడ బిగబట్టావు, చెవులకు మందు పోయించుకునే పిల్లలా. నేను వెనక్కి జరుగుతూ జరుగుతూ ముగ్గుపిండి గిన్నెలో కాలు పెట్టాను. నువ్వు నవ్వావు. అప్పుడు నొక్కాను.

"సాలు. ఇంకోసారి అడగబాకు" అన్నావు.

ఇంతవరకూ నీకు తెలుసు. ఆ తర్వాతది నీకు చెప్పలేదు.

నా పద్ధతి నీకు గుర్తుందిగా. కొన్ని రోల్స్ అయిపోయినా ల్యాబ్‌లో ఇచ్చి కడిగించను. చుట్టేటప్పుడు ఫిల్మ్ తోక కొంచెం బయట వదిలి, దాన్నే మళ్ళీ కెమెరాలో వేసి, తీసినవాటి మీదే ఇంకోసారి తీస్తాను. ఒక బొమ్మలోంచి ఇంకో బొమ్మ కనిపిస్తుంది. అలవాటు కొద్దీ అన్నిటికీ తోక వదిలేదాన్ని. కడిగించాల్సినవి రాగిపిండి డబ్బా పక్కన, రెండోసారి వేసేవి పాత బెల్లం డబ్బాలో. కుప్పం నుంచి వచ్చిన రోజు ఒక చేత్తో సంగటి కెలుకుతున్నాను, చంకలో పాప ఏడుస్తోంది, నీ కొడుకు తువాలు ఏదని కేకలు. కుప్పం రోల్ బెల్లం డబ్బాలో పడింది.

తర్వాతి వారం అదే రోల్ వేసుకుని మార్కెట్‌కు పోయి, రోల్‌లో ముప్పై ఆరు బొమ్మలూ టమోటాలే తీశాను. ఎంత సంతోషంగా తీశానో...

ఇంటికొచ్చి రాగిపిండి డబ్బా పక్కన కుప్పం రోల్ కోసం చూస్తే లేదు, అప్పుడు తెలిసింది దేని మీద తీశానో. తెలిశాక ఇంకా తొమ్మిది రోజులు బతికే ఉన్నావు నువ్వు. పక్కనే ఉన్నావు. మళ్ళీ ఒకసారి కూర్చో అత్తా అంటే కూర్చునేదానివేమో. అడగలేదు. రేపు అడుగుదాంలే అనుకున్నాను, తొమ్మిది సార్లు. పదో రోజు పొద్దున చింతపండు చాట ముందే ఒరిగిపోయావు.

పదకొండో రోజుకు పటం కావాలన్నారు. ఫోటోల పిచ్చిది ఉన్న ఇంట్లో నీ ముఖం లేదు. చివరికి నీ ఓటరు కార్డు తీసుకుపోయి పెద్దది చేయించారు. స్టూడియో ఆయన ఆడవాళ్ళ పటాలన్నిటికీ పెట్టినట్టే నీకూ నుదుట ఎర్రగా బొట్టు దిద్ది ఇచ్చాడు. పెద్దవాళ్ళు తుడిచెయ్యమన్నారు. వదిన పటానికి అడ్డం నిలబడి, "ఉండనీండి, మాయమ్మ బతికుండగా తుడిచింది సాలు" అంది. తర్వాత నావైపు తిరిగి, "మా ఇంట్లో తీసింది ఏది?" అని అడిగింది.

ల్యాబ్‌లో పోగొట్టారన్నాను.

"వాళ్ళ చేతులు ఇరిగిపోనూ" అంది వదిన. నా చేతులు ఒళ్ళో ఉన్నాయి. వాటినే చూస్తూ కూర్చున్నాను.

అప్పటినుంచి కెమెరా బీరువా పైనే ఉంది. వదిన ఎప్పుడొచ్చినా ల్యాబ్ వాళ్ళను ఒక తిట్టు తిట్టే కాఫీ తాగేది. రోల్ బెల్లం డబ్బాలోనే ఉంది.

పోయిన వారం మదనపల్లెకు పోయి కడిగించాను. ఎందుకు అప్పుడే వెళ్ళానో చెప్పలేను. అన్నీ ఒకదాని మీద ఒకటి పడిపోయాయనీ, ప్రింట్లు దండగనీ ల్యాబ్ ఆయన అన్నాడు. వెయ్యమన్నాను. వదిన గడప మీద బుట్టలు, మామిడాకుల్లో హమాలీల తలలు. పదిహేడోది నువ్వు. నుదురంతా టమోటాలే. బొట్టుందో లేదో ఇక ఎవరూ చెప్పలేరు. ఒక కన్ను బుట్ట అంచు కింద మునిగింది. నోరు మాత్రం మిగిలింది అత్తా, గడ్డం, మెడ దగ్గరి ముడతలు. నవ్వు సగంలో ఉంది.

నిన్న పలమనేరులో బస్సు మారి కుప్పం పోయాను. ఎందుకో కెమెరాలో కొత్త రోల్ వేసి, దాన్నీ సంచిలో పెట్టుకున్నాను. వసారాలోనే వదినకు అంతా చెప్పాను. ల్యాబ్ వాళ్ళ తప్పు లేదన్నాను. ఆమె ఫోటోను వెలుతురుకు తీసుకుపోయి చాలాసేపు చూసింది.

"ఈ ఇరిగిన పన్ను అమ్మదే" అంది. తర్వాత, "పాపం, ల్యాబోళ్ళని సంవచ్చరం పొడుగూ తిట్టినానే" అంది. నేను తలెత్తలేదు.

లోపలికి పోయి ఆ ముక్కాలి పీటే తెచ్చి వేసుకుంది. కొంగు సర్దుకుని, అచ్చం నీలాగే మెడ బిగబట్టింది.

"నాది తియ్యి. నేరుగా. టమోటాలు వద్దు."

తీశాను. ఇంకా ముప్పై అయిదు ఖాళీగా ఉన్నాయి. అయినా అక్కడే చుట్టేశాను, తోకతో సహా లోపలికి. ఏడుపు అప్పుడూ రాలేదు. ఫిల్మ్ అంతా చుట్టుకున్నాక కూడా పిడిని తిప్పుతూనే ఉన్నాను... అదేనా?

నా పిచ్చి మానలేను అత్తా, నువ్వు మానమనవు కూడా. కానీ ఇంట్లోవాళ్ళ ముఖం ఒక్కటున్నా సరే, ఆ రోల్‌కు ఇకమీదట తోక వదలను. నీ మీద ఒట్టు.

ఎసరు మరుగుతోంది. ఉంటాను.

నీ శైలజ